ఇరవైకి పదకొండు: హెచ్‌ఎస్‌సీ ఇంగ్లిష్ వ్యాసంతో ఏడు వారాలు

2023 ఆగస్టు చివరి వారంలో ఒక శనివారం సాయంత్రం ఆ అబ్బాయి తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చాడు. పన్నెండో తరగతి, పశ్చిమ సిడ్నీలో ప్రభుత్వ బడి. చేతిలో ఇంగ్లిష్ ట్రయల్ పరీక్ష, అంటే అసలు పరీక్షకు ముందు బడిలో పెట్టే నమూనా పరీక్ష, జవాబు పత్రాలున్నాయి. మంచినీళ్లు తాగక ముందే తండ్రి మొదలుపెట్టారు: "మేడమ్, మావాడికి జ్ఞాపకశక్తికి లోటు లేదండి. వ్యాసం మొత్తం తడుముకోకుండా అప్పజెబుతాడు. మరి పదకొండే ఎందుకు వేశారో అర్థం కావడం లేదు." ఇరవైకి పదకొండు. అబ్బాయి తివాచీ మీది పువ్వులు లెక్కపెడుతున్నట్టు తల దించుకుని కూర్చున్నాడు.

నేను గుంటూరులో జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పాను. సిడ్నీకి వచ్చాక పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. ఇంతకన్నా బాగా గట్టెక్కిన పిల్లలు నా దగ్గర ఉన్నారు. అయినా ఈ కేసే రాయాలనుకోవడానికి కారణం, ఇందులో మొదటి రెండు వారాలు పాడుచేసింది నేనే.

మన ఊళ్లలో ఇంటర్ చదివినవారికి ఈ పరీక్ష పద్ధతి కొత్తగా ఉంటుంది కనుక కొంచెం చెప్పాలి. న్యూ సౌత్ వేల్స్‌లో పన్నెండో తరగతి చివర రాసే పరీక్ష హెచ్‌ఎస్‌సీ. ఇందులో తప్పనిసరి సబ్జెక్టు ఒక్క ఇంగ్లిషే. లెక్కలు కూడా వదులుకోవచ్చు, ఇంగ్లిష్‌ను వదులుకునే వీలు లేదు. విశ్వవిద్యాలయ ప్రవేశానికి వాడే ఏటార్ ర్యాంకులో ఇంగ్లిష్ మార్కులు రెండు యూనిట్లయినా (యూనిట్ అంటే కోర్సు బరువుకు కొలత) కలిసి తీరాలి. ఇంజినీరింగ్ మీద గురి పెట్టుకున్న పిల్లవాడి దారికి కూడా ఇది అడ్డంగానే ఉంటుంది. ఈ అబ్బాయి తీసుకున్న ఇంగ్లిష్ అడ్వాన్స్‌డ్ కోర్సులో రెండు పేపర్లు. మొదటిదానికి గంటన్నర: ఎన్నడూ చూడని రచనల మీద చిన్న ప్రశ్నలకు 20 మార్కులు, చదివిన పాఠ్యగ్రంథం మీద ఒక వ్యాసానికి 20. రెండో పేపరుకు రెండు గంటలు, మూడు భాగాలు, ఒక్కోదానికి 20. పుస్తకం లోపలికి తీసుకువెళ్లకూడదు. నల్ల సిరా పెన్నుతో చేత్తో రాయాలి. చివరి మార్కులో సగం ఈ పరీక్షది, సగం బడిలో ఏడాది పొడవునా పెట్టిన అసెస్‌మెంట్లది.

అబ్బాయి ఎనిమిదో తరగతి మధ్యలో హైదరాబాద్ నుంచి వచ్చాడు. అక్కడ ఇంగ్లిష్ మీడియమే. ఇంగ్లిష్ బోధనలో ఐదేళ్లకు మించి చదవని పిల్లల కోసం ఇక్కడ వేరే కోర్సు ఉంది కానీ, అందుకని అతనికి అది వర్తించదు. మాట్లాడితే ఇక్కడ పుట్టిన పిల్లలకూ అతనికీ తేడా కనిపించదు. వ్యాకరణంలో దిద్దవలసింది పెద్దగా లేదు. కనుక తండ్రి అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

బడిలో వాళ్లకు మొదటి పేపరు వ్యాసం కోసం ఇచ్చిన గ్రంథం షేక్‌స్పియర్ నాటకం 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్'. మాడ్యూల్ (పాఠ్యభాగం) పేరు టెక్స్ట్స్ అండ్ హ్యూమన్ ఎక్స్‌పీరియెన్సెస్, అంటే రచనల్లో మానవానుభవం. సిలబస్‌లో ఒక మాట ఉంటుంది: మనుషుల ప్రవర్తనలో, వాళ్ల ఉద్దేశాల్లో కనిపించే అసంగతాలు, వైరుధ్యాలు, పొంతన లేని నడకలు పరిశీలించాలని. ట్రయల్‌లో ప్రశ్న అందులోంచే వచ్చింది. మనిషి చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఎడాన్ని నాటకం ఎలా చూపిస్తుందన్నది దాని సారాంశం.

ఆ రాత్రి జవాబు పత్రాన్ని మూడుసార్లు చదివాను. బాగా చెక్కిన వాక్యాలు. మత ద్వేషం గురించి ఒక పేరా, కరుణ గురించి ఒక పేరా, మూడో పేరా సగంలో ఆగిపోయింది. ప్రశ్నలోని 'ఇన్‌కన్సిస్టెన్సీ' (పొంతన లేకపోవడం) అనే మాట ఏడుచోట్ల ఉంది. ఎక్కడెక్కడ ఉందో పెన్సిల్‌తో గీస్తూ పోయాను. ఏడుచోట్లా పేరా మొదటి వాక్యంలోనో చివరి వాక్యంలోనో ఉంది, మధ్యలో ఒక్కసారీ లేదు. అప్పుడు ప్రతి పేరాకూ తల, తోక కొట్టేసి మిగిలినది చదివాను. అది దేని గురించి అడిగినా సరిపోయే జవాబు. న్యాయం గురించి అడిగినా, ఒంటరితనం గురించి అడిగినా, డబ్బు గురించి అడిగినా అదే. ఇంట్లో కంఠస్థం చేసిన వ్యాసానికి పరీక్ష హాలులో కొత్త మాట అతికించాడు. ఒకే ప్రశ్నకు రోజంతా జవాబులు దిద్దే ఉపాధ్యాయుడికి ఆ అతుకు కనపడకుండా ఉండదు.

ఈ తల, తోక పరీక్ష ఆ తర్వాత నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఏ విద్యార్థి వ్యాసం వచ్చినా ముందు అదే చేస్తాను.

మరో విచిత్రం చివరి పేజీలో కనిపించింది. అడగని ఒక చిన్న కథను తీసుకువచ్చి దాని మీద నూట యాభై మాటలు రాశాడు. ఎందుకని అడిగితే "రిలేటెడ్ టెక్స్ట్ ఉండాలి కదా ఆంటీ" అన్నాడు. విషయమేమిటంటే, 2018 వరకు నడిచిన పాత సిలబస్‌లో పాఠ్యగ్రంథంతో పాటు విద్యార్థి సొంతంగా ఎంచుకున్న మరో రచనను కూడా పరీక్షలో చర్చించాలి. 2019 నుంచి అది బడి అసెస్‌మెంటులోనే మిగిలింది, చివరి పరీక్షలో లేదు. కుటుంబ మిత్రుల అబ్బాయి, ఎప్పుడో పాత సిలబస్‌లో పరీక్ష రాసినవాడు, తన నోట్సు ఇచ్చాడట. పుస్తకాలు మారినా వ్యాసం ఇలా ఉండాలన్న నమూనా మాత్రం ఆ నోట్సులోంచి ఇతని తలకెక్కింది. మన ఇళ్లలో సీనియర్ల నోట్సుకు ఉన్న గౌరవం అలాంటిది. అట్ట మీద సంవత్సరం ఎవరూ చూడరు.

తండ్రితో మాట్లాడటం తేలిక కాలేదు. ఆయన విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివారు. ముఖ్యమైన ప్రశ్నలకు చుక్కలు పెట్టుకుని, గైడులోని జవాబు మక్కికి మక్కి రాసి గట్టెక్కిన తరం. "ఈసారి ఏ ప్రశ్న రావచ్చో అంచనా ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగారు. నాకు నవ్వు రాలేదు. నేనూ ఇంటర్‌లో ఇంగ్లిష్ వ్యాసాలు బట్టీ పట్టే మంచి మార్కులు తెచ్చుకున్నాను, అదే పద్ధతిని కొన్నేళ్లు పాఠంగా కూడా చెప్పాను. అంచనా లేదనీ, ఉన్నా చెప్పననీ అన్నాను. ఆయనకు నచ్చలేదు. అయినా అబ్బాయిని వారానికి రెండుసార్లు పంపడానికి ఒప్పుకున్నారు.

ఇక నా పొరపాటు. ప్రశ్నకు జవాబు రాయడం రాదు కనుక పేరా కట్టే పద్ధతి నేర్పుదామనుకున్నాను. ముందు వాదన చెప్పు, తర్వాత నాటకంలోంచి ఆధారం ఇవ్వు, రచయిత వాడిన ప్రక్రియ పేరు చెప్పు, దాని ప్రభావం చెప్పు, చివర ప్రశ్నతో ముడి వెయ్యి. ఇక్కడ ప్రతి ట్యూషన్ సెంటరులో చెప్పేది ఇదే. నాలుగు క్లాసులు దీనికే పోయాయి. నాలుగో క్లాసులో రెండు వేర్వేరు ప్రశ్నలకు రాసిన రెండు వ్యాసాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాను. రెండింటిలోనూ ప్రతి పేరాలో రెండో వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అచ్చు ఇచ్చాను కదా, అతను అచ్చునే బట్టీ పట్టాడు. అంత ధారణ ఉన్న పిల్లవాడికి పద్ధతి పేరుతో మరో బట్టీ సరుకు అందించానన్నమాట. నిజాయితీగా మార్కులు వేస్తే పన్నెండు దాటవు.

అప్పటికి సెప్టెంబరు రెండో వారం గడిచింది. పరీక్షకు నెల రోజులు కూడా లేదు.

తర్వాతి క్లాసుకు నేను ఏ పథకమూ వేసుకోలేదు. అతనే అడిగాడు: "ఆంటీ, షైలాక్ మంచివాడా, చెడ్డవాడా? పరీక్షలో ఏది రాస్తే మార్కులు వస్తాయి?" విసుగొచ్చి పుస్తకం మూసి తెలుగులో అడిగాను, "మార్కుల సంగతి తర్వాత. చదివినప్పుడు నీకేమనిపించింది?" కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "వాళ్లందరిలో ఉంగరం విలువ తెలిసినవాడు అతనొక్కడే అనిపించింది."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఏ నోట్సులోంచి తెచ్చాడో అనుకుని అడిగాను. నోట్సులో లేదట. నాటకం రెండుసార్లు చదివాడు, రెండోసారి తోచిందట.

నాటకం గుర్తులేనివారి కోసం. క్రైస్తవుల వెనిస్‌లో యూదు వడ్డీ వ్యాపారి షైలాక్. అతని కూతురు జెస్సికా ఇంట్లో సొమ్ము తీసుకుని ప్రియుడితో వెళ్లిపోతుంది. మూడో అంకం మొదటి దృశ్యంలో ఒక వార్త వస్తుంది: ఆమె తండ్రి ఉంగరం ఒకటి ఇచ్చి కోతిని కొనుక్కుందట. అది తన పెళ్లికి ముందు భార్య లియా ఇచ్చిన ఉంగరమనీ, అడవినిండా కోతులిస్తామన్నా దాన్ని ఇచ్చి ఉండేవాణ్ణి కాననీ షైలాక్ విలవిల్లాడతాడు. డబ్బు మనిషిగా అందరూ వెక్కిరించే మనిషి నోట, వెల కట్టలేని వస్తువు గురించిన మాట. సరిగ్గా తర్వాతి దృశ్యంలో, ప్రేమికుడని పేరుపొందిన బస్సానియో పోర్షియా తొడిగిన ఉంగరాన్ని చూపి, ఇది వేలిని వదిలిన రోజు ప్రాణం కూడా వదులుతుందని ప్రమాణం చేస్తాడు. నాలుగో అంకంలో, బాకీ తీర్చలేని ఆంటోనియో మీద షైలాక్ తెచ్చిన కోర్టు గొడవ తీరగానే, మొదట కాదన్నా, స్నేహితుడు ఆంటోనియో నచ్చజెబితే దాన్ని అతన్ని కాపాడిన లాయరుకు బహుమతిగా పంపిస్తాడు. లాయరు వేషంలో ఉన్నది పోర్షియాయేనని అతనికి తెలియదు.

"ఇది ట్రయల్ ప్రశ్నకే జవాబు కదా ఆంటీ," అన్నాడు అబ్బాయి, నేను అనకముందే.

అవును. కానీ అక్కడితో వదిలేస్తే వ్యాసం షైలాక్‌కు హారతి పట్టడంగా మారుతుంది. అందుకని పుస్తకం తెరిచి అదే దృశ్యంలో కొన్ని పంక్తులు వెనక్కి వెళ్లమన్నాను. కూతురు తన కాళ్ల దగ్గర చచ్చిపడి ఉన్నా ఫరవాలేదు, ఆ నగలు మాత్రం ఆమె చెవులకు ఉండాలని షైలాక్ శపించేది అక్కడే. అబ్బాయి రెండూ చదివి ఊరుకున్నాడు. ఉంగరం కోసం ఏడ్చిన మనిషే కూతురి శవాన్ని కోరుకుంటున్నాడు. "మరి ఏది రాయాలి?" అని ఈసారి అడగలేదు. పదిహేను నిమిషాలు తలెత్తకుండా రాశాడు. ఆ పేరాలో ఇంగ్లిష్ కొంచెం కుంటింది, ఒక వాక్యానికి క్రియ కూడా లేదు. అయినా తల, తోక కొట్టేస్తే మిగిలినది వేరే ఏ ప్రశ్న కిందా ఇమడదు. ఆ క్లాసు నుంచే కేసు మలుపు తిరిగింది.

అతను ట్రయల్‌లో వాడిన ప్రధాన ఉదాహరణ కూడా ఆ దృశ్యంలోనిదే. మమ్మల్ని గుచ్చితే నెత్తురు రాదా, గిలిగింతలు పెడితే నవ్వమా, విషం పెడితే చావమా అనే ప్రసిద్ధమైన ప్రశ్నల వరస. నేను చూసిన బట్టీ వ్యాసాలన్నీ ఇక్కడ ఆగి 'మనుషులందరూ సమానమే' అని రాసేస్తాయి. తర్వాతి ప్రశ్నను చాలామంది ఉదహరించరు: మాకు అన్యాయం చేస్తే పగ తీర్చుకోమా? ఆ ప్రసంగం సమానత్వం దగ్గర మొదలై పగకు సమర్థనగా ముగుస్తుంది. అది పద్యంలో లేదు, వచనంలో ఉంది. ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ ఎదుటివాడికి జవాబిచ్చే సందు ఇవ్వదు. నాలుగో అంకంలో పోర్షియా కరుణ ప్రసంగం పద్యంలో సాగుతుంది, అంత మృదువుగా మాట్లాడిన కోర్టే చివర అతన్ని మతం మార్చుకోమంటుంది. ఇంత సరుకు ఉంచుకుని అబ్బాయి 'రెటోరికల్ క్వశ్చన్' (జవాబు ఆశించని ప్రశ్న) అన్న పేరు రాసి ముందుకు వెళ్లిపోయాడు. ప్రక్రియ పేరు చెప్పడం విశ్లేషణ అనుకోవడం ఇక్కడి పిల్లలందరికీ ఉన్న జబ్బే, మనవాళ్లకు ప్రత్యేకం కాదు.

అప్పటి నుంచి పని ఇలా సాగింది. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు. పేజీకి ఒక ప్రశ్న. గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నవే, వాటిని మార్చి మార్చి నేను కొన్ని తయారుచేశాను. ఫోనులో మూడు నిమిషాలు పెట్టి, ప్రశ్నకు జవాబు ఒకే వాక్యంలో రాసి, దాన్ని నిలబెట్టే మూడు చోట్లు నాటకంలో ఎక్కడున్నాయో గుర్తు రాయాలి. వ్యాసం రాయకూడదు. తర్వాత ఆ వాక్యాన్ని వెనక పేజీలోని ప్రశ్న కింద పెట్టి చూడాలి. అక్కడ కూడా హాయిగా కూర్చుంటే కొట్టేయాలి. మొదటి రోజు ఐదింటిలో ఐదూ కొట్టేశాం. వారం తిరిగేసరికి ఐదింటిలో మూడు నిలబడ్డాయి. సెప్టెంబరు చివరి సెలవుల్లో రోజూ చేశాడు. పరీక్ష నాటికి ముప్ఫై ఒక్క ప్రశ్నలయ్యాయి.

వాదనను ముందు తెలుగులో చెప్పించడం బాగా పనిచేసింది. తెలుగులో అతను వాళ్ల అమ్మతో వాదించినట్టు వాదిస్తాడు. 'అలా అయితే మరి' అంటాడు, 'అది సరే కానీ' అంటాడు. ఇంగ్లిష్ వ్యాసంలోకి రాగానే బిగుసుకుపోయి అన్నిటికీ తల ఊపుతాడు. అయితే దీన్ని నేను కొంచెం దూరం లాగాను. తెలుగులో రాయించి ఇంగ్లిష్‌లోకి మార్చమన్నాను. క్రియలన్నీ వాక్యం చివరికి పరిగెత్తాయి, సమయం రెట్టింపు పట్టింది. రెండు క్లాసుల తర్వాత మానేశాం. నోటితో తెలుగు, పెన్నుతో ఇంగ్లిష్ అని ఒప్పందం చేసుకున్నాం.

ధారణను పక్కన పెట్టమని నేను చెప్పలేదు. పుస్తకం లేని పరీక్షలో కొటేషన్లు గుర్తుండాలి. అతని దగ్గర నలభై పైచిలుకు ఉన్నాయి, కొన్ని ఐదేసి పంక్తులు. పద్నాలుగుకు తగ్గించాం. ఒక్కోటి నాలుగైదు మాటలు. ప్రతిదానికీ ఎవరు ఎవరితో అన్నారు, దాని తర్వాత ఏమి జరుగుతుంది అనేది కూడా అప్పజెప్పాలి. అప్పజెప్పడం మాట వినగానే అతని ముఖం వెలిగింది.

అసలు లెక్క ఒకటి ఎవరూ వేయలేదు. ఒక ఆదివారం గడియారం పెట్టి ఐదు నిమిషాలు రాయించాను. నిమిషానికి పంతొమ్మిది మాటలు. గంటన్నర పేపరులో వ్యాసం వాటా నలభై ఐదు నిమిషాలు. ఆలోచనకు ఐదు తీసేస్తే నలభై. అంటే ఏడు వందల అరవై మాటలు. అతను బట్టీ పట్టిన వ్యాసం పదకొండు వందల యాభై మాటలు! ట్రయల్‌లో మూడో పేరా సగంలో ఎందుకు ఆగిపోయిందో, అడగని చిన్న కథను చివర ఎంత హడావిడిగా కుక్కాడో అప్పుడు తెలిసింది. ఆగిపోయిన ఆ పేరా పోర్షియా గురించి, అంటే ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది. ఏడాదంతా లాప్‌టాప్ మీద టైపు చేసే పిల్లలకు చేతిరాత వేగం ఎంతో తెలియదు. రోజూ ఒక పేజీ చేత్తో రాయమన్నాను. చెయ్యి నొప్పి తగ్గింది కానీ వేగం పెద్దగా పెరగలేదు. అందుకని మూడు పేరాలకే కట్టుబడ్డాం.

రెండో పేపరు గురించి చెప్పడానికి తక్కువే ఉంది. అందులోని రెండు వ్యాసాలకూ ఇదే నోటుబుక్కు పద్ధతి వాడాం. సొంత రచన అడిగే మూడో భాగంలో అతను బడి ఉపాధ్యాయుల మాటే వింటానన్నాడు. అది మంచిదే, నాకు అందులో అంత పట్టు లేదు.

అక్టోబరు మొదటి వారంలో ఒక గండం వచ్చింది. తండ్రి ఎవరి దగ్గరో ఆరో బ్యాండు వ్యాసమొకటి సంపాదించి తెచ్చారు. ఇక్కడ 90 గానీ ఆపైన గానీ వస్తే ఆరో బ్యాండు, అదే పై మెట్టు. అబ్బాయి రెండు రోజుల్లో దాన్ని నోటికి పట్టేశాడు. పరీక్ష వారం రోజుల్లో ఉండగా ఇద్దరినీ కోప్పడి లాభం లేదు. పెన్సిల్ చేతికిచ్చి, తల, తోక నువ్వే కొట్టెయ్యి అన్నాను. కొట్టేశాడు. ఒక పేరా మాత్రం నిలబడింది. నాటకం మొదటి పంక్తిలోనే ఆంటోనియో తన దిగులుకు కారణం తనకే తెలియదనడం గురించిన పేరా అది. "ఇది బాగుంది ఆంటీ, ఆలోచన తీసుకుంటాను, వాక్యాలు వద్దు," అన్నాడు. ఆ ఏడు వారాల్లో నాకు బాగా సంతోషం కలిగింది అప్పుడే.

పరీక్ష అయిన సాయంత్రం ఫోను చేశాడు. మూడు పేరాలూ పూర్తయ్యాయి, ముగింపు రెండు వాక్యాలే రాశాడు, ఒక కొటేషన్ గ్రాషియానో అనే మరో పాత్రది బస్సానియోకు అంటగట్టాడు. ప్రశ్న నోటుబుక్కులోని ముప్ఫై ఒకటిలో ఏదీ కాదట.

డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. ఇంగ్లిష్ అడ్వాన్స్‌డ్ పరీక్షలో 84, బడి అసెస్‌మెంటు 79, మొత్తం మీద 82. ఐదో బ్యాండు. తండ్రి ఆరు ఆశించారు, దాచుకోలేదు. అందులో మొదటి పేపరు వ్యాసానికి ఎన్ని మార్కులు పడ్డాయో ఆ పత్రంలో ఉండదు కనుక ఈ పద్ధతే గట్టెక్కించిందని నేను చెప్పను. సెలవుల్లో అతను అన్ని సబ్జెక్టులూ మునుపటికన్నా ఎక్కువ చదివాడు. పైగా అదే ఏడాది మరో అమ్మాయితో ఇదే నోటుబుక్కు ప్రయత్నించాను. ఆమె పాఠ్యగ్రంథాన్ని సారాంశాల్లో తప్ప చదవలేదు. మూడు నిమిషాల్లో ఆమె పేజీ మీద ఏమీ పడేది కాదు, పడటానికి లోపల ఏమీ లేదు. మూడో వారానికి నేనే ఆ అమ్మాయికి ఒక నమూనా వ్యాసం ఇచ్చి, ఇదైనా చదువుకో అన్నాను.

జనవరిలో అబ్బాయి తల్లి అరిసెలు తీసుకుని వచ్చారు. చిన్నమ్మాయి పదో తరగతిలోకి వస్తోంది. "వాడి వ్యాసం మీ దగ్గరేమైనా ఉందాండీ, దీనికి దాచిపెడదామని," అని అడిగారు. నా దగ్గరున్న నోటుబుక్కు ఇచ్చాను. ఆవిడ పేజీలు తిప్పి చూశారు. ఒక్కో పేజీలో ఒక ప్రశ్న, దాని కింద కొట్టేసిన రెండు మూడు వాక్యాలు, ఒక్కోచోట కొట్టేయనిది ఒకటి. "ఇందులో వ్యాసం ఎక్కడుందండీ?" అన్నారు. లేదన్నాను. అయినా సంచిలో పెట్టుకుని వెళ్లారు.